మధ్యయుగాంధ్ర కవిత్వమున శోధనలోక భావము – పినపాక అరణ్యసీమ మృతలోక విశ్వాసములతో తులనము

మన విశ్వవిద్యాలయములలో తులనాత్మక సాహిత్యము పాఠ్యభాగమైన నాటినుండి విద్యార్థుల వ్యాసములందు ఒక వాక్యము తఱచు కనబడుచున్నది. డాంటే మహాకవి ‘ఇన్ఫెర్నో’ మన నరకమని, ఆయన ‘పారదీసో’ మన స్వర్గమని, నడుమనున్న ‘పుర్గతోరియో’కు మాత్రము మన పురాణములలో సాటి లేదని వారు వ్రాయుదురు. ఈ వాక్యమునందలి మూడు భాగములును పరిశీలనకు నిలువవు. మన నరకము డాంటే నరకము కాదు. మన స్వర్గము ఆయన స్వర్గము కాదు. నడిమి లోకమునకు సాటి లేదనుటయు సరికాదు. అది మనము వెదకు చోట లేదు, అంతియే.

‘పుర్గతోరియో’ను మేము ఈ వ్యాసమున శోధనలోకమని వ్యవహరించుచున్నాము. శోధన యనగా ఇచట పరీక్ష కాదు, శుద్ధిచేయుట. ఆంధ్రదేశపు కథోలిక క్రైస్తవులు దీనిని ‘ఉత్తరించు స్థలము’ అందురు. తరించుట, ఉత్తరించుట, వైతరణి – ఇవి మూడును ఒకే ధాతువు సంతానము. ఒక మతపు పరలోకమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు ఏటిని దాటుట యను పాత తలంపే అక్కఱకు వచ్చినదన్నమాట.

పాశ్చాత్యుల శోధనలోకమునకు కూడ ఒక పుట్టుక తేదీ కలదు. ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ లె గోఫ్ 1981లో ప్రకటించిన గ్రంథమున, మృతులకొఱకు ప్రార్థించుట, శుద్ధిచేయు అగ్ని మున్నగు భావములు ప్రాచీనములే యైనను, ‘పుర్గతోరియుం’ అను నామవాచకముతో ఒక ప్రత్యేకస్థలము ఏర్పడుట 12వ శతాబ్ది చివరి భాగముననే జరిగినదని వాదించెను. 1274లో లియోన్ మహాసభ ఆ సిద్ధాంతమును అంగీకరించెను. 1563లో ట్రెంట్ మహాసభ సంస్కరణవాదుల తిరస్కారమున కెదురుగా దానిని మరల స్థిరపఱచెను. లె గోఫ్ కాలనిర్ణయముతో అందఱును ఏకీభవింపలేదు. మనకు ముఖ్యమైనది ఆ వాదపద్ధతి. పరలోకమునకు గూడ చరిత్ర యుండును. కవులు, న్యాయాధికారులు, దానకర్తలు, ఏడ్చు బంధువులు కలసి దానిని కట్టుదురు. ఆ దృష్టితో మన కవులను చదివినచో ఏమి తేలును అనునదే ఇచటి ప్రశ్న.

శోధనలోకమునకు నాలుగు లక్షణములు చెప్పవచ్చును. అచటి బాధకు గడువు కలదు. ఆ బాధ కేవలము దండన కాదు, శుద్ధి. అచటికి చేరినవానికి మోక్షము నిశ్చయము. బ్రదికియున్నవారి ప్రార్థనలు, దానములు ఆ గడువును తగ్గింపగలవు. మన నరకమునకు ఇందు మొదటిది పూర్తిగా కలదు. మహాభాగవత పంచమస్కంధమున నరకముల పట్టిక కలదు. తెలుగున ఆ స్కంధము గంగన రచన. రౌరవము, కుంభీపాకము, అసిపత్రవనము మొదలుగా ఇరువదియెనిమిది నరకములకును ఒక్కొక్క పాపము, ఒక్కొక్క యాతన నిర్ణయింపబడినవి. వానిలో ఏదియు శాశ్వతము కాదు. అనుభవమైన పిదప జీవుడు మిగిలిన కర్మతో మరల గర్భమున ప్రవేశించును. దక్షిణాపథ వేదాంతులలో మధ్వాచార్యులొక్కరే కొందఱు జీవులకు అంధతమస్సు నిత్యమని చెప్పిరి. తెలుగు పురాణకవుల నరకవర్ణనలను ఆ మతము నడపినట్లు మాకు కనబడదు. కాగా మన నరకమంతయు ఒక విధమున శోధనలోకమే యనవచ్చును. అయితే చిక్కు మూడవ లక్షణమున కలదు. డాంటే పర్వతమెక్కిన జీవుడు శిఖరమున స్వర్గద్వారమును చేరును. మన నరకమునుండి వెలువడిన జీవుడు భూమిని చేరును. ఒకరిది మెట్ల దారి, ఒకరిది చక్రము. ఈ భేదమును గుర్తింపక చేయు పోలికలన్నియు పైపై పోలికలే.

అందుచేత నరకవర్ణనములను విడిచి, నరకమున ఒక కథ జరుగు ఘట్టములను మనము చూడవలెను. అట్టి ఘట్టములలో మొదటిది తిక్కన సోమయాజి స్వర్గారోహణ పర్వము. 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానముననున్న ఆ కవి విరాటపర్వము మొదలు తుదివఱకు పదునైదు పర్వములను తెనిగించి హరిహరనాథునకు సమర్పించెను. కథ అందఱెఱిగినదే. ధర్మరాజు బొందితో స్వర్గమునకు పోవగా అచట దుర్యోధనుడు సింహాసనమున కనబడును. తన తమ్ములు కనబడరు. దేవదూత వెంట చీకటిదారిని పోయి దుర్గంధభరితమైన చోట వారి గొంతులు వినును. నీ మేని గాలి సోకగా మాకు బాధ తగ్గినది, కొంతసేపు నిలువుమని వారు వేడుదురు. ఆయన దేవదూతను పంపివేసి అచటనే నిలిచిపోవును. అంతట ఇంద్రాదులు వచ్చుట, నరకము మాయమగుట జరుగును.

ఈ ఘట్టమునకు ఇంద్రుడు రెండు కారణములు చెప్పును. ద్రోణుని వధలో అశ్వత్థామను గూర్చి పలికిన కపటవాక్యమునకు ఫలముగా కపటనరకదర్శనము కలిగినదనుట ఒకటి. రెండవది లెక్కకు సంబంధించినది. పుణ్యము తక్కువై పాపము ఎక్కువైనవాడు ముందు స్వర్గము, పిదప నరకము అనుభవించును. పాపము తక్కువైనవాడు ముందు నరకము, పిదప స్వర్గము అనుభవించును. పాఠకులు సాధారణముగా ఈ సమాధానములతో తృప్తిపడి పుట త్రిప్పుదురు. అసలు శోధన తరువాతి ఘట్టమున జరుగుచున్నదని మా అభిప్రాయము. ధర్మరాజు ఆకాశగంగలో మునుగును, మానుషదేహము పోవును, దానితోపాటు వైరమును పోవును. అటు పిమ్మటనే ఆయన దుర్యోధనాదులున్న సభను కోపము లేక చూడగలుగును. స్వర్గమున అడుగిడిన క్షణమున ఆయనలో మండినది న్యాయమైన కోపమే. న్యాయమైన కోపమునకు గూడ స్వర్గమున చోటు లేదని వ్యాసుని తలంపు. కురుక్షేత్రపు రక్తమంతయు వర్ణించి వచ్చిన తిక్కన కలమునుండి ఈ ఘట్టము వెలువడుట గమనింపదగినది. డాంటే కూడ పర్వతశిఖరమున రెండు నదులను నిలిపెను. లేథే నీరు పాపస్మృతిని తుడిచివేయును. యూనోయె నీరు పుణ్యస్మృతిని నిలుపును. ఏటిలో మునుగక స్వర్గము లేదనుట ఇద్దఱికిని సమానమే. మన ఏఱు స్మృతిని తుడువదు, వైరమును తుడుచును. ఈ భేదము చిన్నది కాదు.

తిక్కన శిష్యుడు మారన. ఆయన మార్కండేయ పురాణము ఈ పరిశీలనకు కేంద్రమని చెప్పదగినది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున, ఆ రాజు సేనాధికారియగు నాగయ గన్నసేనానికి ఆ గ్రంథము అంకితమైనది. ప్రతాపరుద్రుడు 1323లో ఢిల్లీ సేనలకు చిక్కెను, ఓరుగల్లు పడిపోయెను. డాంటే తన కావ్యమును 1308 ప్రాంతమున మొదలిడి 1321లో, మరణమునకు కొలది ముందు, పూర్తిచేసెను. ఫ్లారెన్సునుండి వెలివేయబడిన కవియు, ఓరుగంటి అధికారికి పురాణము వినిపించిన కవియు ఇంచుమించు ఒకే కాలమున పరలోకమును పద్యములలో నిలుపుచుండిరి. ఒకరి నొకరు ఎఱుగుట అసంభవము. అంకితము పుచ్చుకొన్న గన్నసేనాని కథయు విచిత్రమైనదే. ఓరుగల్లు పతనానంతరము బందీయై ఢిల్లీ చేరి, ఇస్లామును స్వీకరించి, ఫిరోజ్ తుగ్లక్ వజీరైన మాలిక్ మక్బూల్ ఆయనయే యని చరిత్రకారులు గుర్తించిరి. యమలోకయాత్రల పురాణమును వినినవాని ఎముకలు ఢిల్లీలో నిజాముద్దీన్ చెంత అష్టకోణపు సమాధిలో నున్నవి.

మార్కండేయ పురాణమునందలి విపశ్చిన్మహారాజు కథ సంగ్రహముగా ఇది. విపశ్చిత్తు జనకవంశపు రాజు. ధర్మపరుడు. ఆయనకు ఇద్దఱు భార్యలు. ఒకామెపై మోహముచేత రెండవయామెను ఋతుకాలమున ఉపేక్షించెను. ఆ ఒక్క దోషమునకు కొలదికాలము నరకమును చూడవలసి వచ్చినది. యమభటుడు ఆయనకు ఏ పాపమునకు ఏ యాతనయో వివరించి, ఇక గడువు తీరినది, రమ్మనును. రాజు కదలగానే నరకమంతట ఆక్రోశము పుట్టును. నీ మేని మీదుగా వచ్చు గాలిచేత మా మంట చల్లారుచున్నది, పోవలదని నారకులు మొఱపెట్టుదురు. రాజు నిలిచిపోవును. ఆర్తుల బాధ తీర్చుటలోనున్న సుఖము స్వర్గమునను లేదని, తాను ఇచటనే యుందునని పలుకును. ధర్ముడు, ఇంద్రుడు స్వయముగా వచ్చి పిలిచినను కదలడు. వీరు తమ కర్మఫలము ననుభవించుచున్నారు, నీవు నీ కర్మఫలము ననుభవింపవలెనని వారు చెప్పుదురు. అట్లయిన నా పుణ్యమెంత కలదో చెప్పుడు, దానిని వీరికిచ్చితిననును. నారకులు విడుదలపొందుదురు. రాజు విమానమెక్కును.

ఈ కథలో మూడు విషయములు మమ్ము ఆకర్షించినవి. మొదటిది, కథ చెప్పువాని స్థానము. జడునివలె కనబడు ఒక బ్రాహ్మణబాలుడు తన పూర్వజన్మములను తలచుకొని తండ్రికి దీనిని చెప్పుచున్నాడు. ఏడు జన్మముల క్రిందట తాను వైశ్యుడనై పుట్టి, చెరువుకడ నీరు త్రాగవచ్చిన ఆవులను అడ్డగించిన పాపముచేత నరకమున పడితినని, నూరేండ్లకు పైబడి మ్రగ్గుచుండగా ఒకనాడు చల్లని గాలి వీచినదని అతడు చెప్పును. అనగా కథకుడు ఆ నారకులలో ఒకడు. రాజు కథను రాజు చెప్పలేదు, స్తుతిపాఠకుడు చెప్పలేదు, విడుదలైనవాడు చెప్పుచున్నాడు. డాంటే కావ్యమున కవియే యాత్రికుడై చూచి వచ్చి చెప్పును. యాతన పడినవాడే కథకుడగుట మన పురాణపు విశేషము. ఆ పాపము గూడ గమనింపదగినది. పశువులకు నీరు అడ్డుపెట్టుట! చెరువులే ప్రాణాధారమైన కాకతీయదేశమున, రామప్ప, పాకాల, లక్నవరము తటాకముల నెఱిగిన శ్రోతలకు, ఆ పాపపు బరువు ఎట్లు తోచియుండునో ఊహింపవచ్చును.

రెండవది పుణ్యదానము. కర్మసిద్ధాంతమున ఎవని కర్మ వానిదే. దేవతలు చెప్పినదియు అదే. వారిది శాస్త్రదృష్టిలో నిర్దుష్టమైన వాదము. రాజు ఆ వాదమును ఖండింపడు. తన ఆస్తిని తానిచ్చుటకు అడ్డేమని మాత్రము అడుగును. న్యాయము తప్పకుండ దయ గెలుచు ఉపాయమిది. డాంటే శోధనపర్వతమునను ఇట్టి ఉపాయమే కలదు. ఫోరెసె అను మిత్రుడు అచట కనబడి, తాను చనిపోయి కొలది యేండ్లకే ఇంత పైకి రాగలుగుటకు విధవరాలైన తన భార్య నెల్లా కన్నీటి ప్రార్థనలే కారణమని చెప్పును. ఒకచోట బ్రదికియున్న భార్య, ఒకచోట మృతుడైన రాజు. రెండు చోట్లను ఒకరి సొమ్ముతో మఱియొకరి ఋణము తీరుచున్నది.

మూడవది, విడుదలైనవారు పోయిన చోటు. వారు రాజుతో స్వర్గమునకు పోలేదు. తమ తమ కర్మశేషమును బట్టి వేర్వేఱు జన్మము లెత్తిరి. రాజు దయ యాతనను మాన్పినదే కాని సంసారమును మాన్పలేదు. చక్రము చక్రముగనే యున్నది. ఇందుచేతనే విపశ్చిదుపాఖ్యానమును శోధనలోకమునకు సాటియని నిస్సంకోచముగ చెప్పజాలము. నాలుగవ లక్షణము సంపూర్ణముగా కలదు, మూడవది లేదు.

ఆ మూడవ లక్షణము దొరకుచోటు కాశి. రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి శ్రీనాథుడు 15వ శతాబ్ది పూర్వార్ధమున అంకితమిచ్చిన కాశీఖండమున యమలోకప్రసంగములు పలుచోట్ల కలవు. శివశర్మ విమానముపై పోవుచు దారిలో చూచు లోకములలో యముని సంయమని యొకటి. గుణనిధి కథలో యమభటులకును శివభటులకును వాగ్వాదము జరుగును. జూదరియై, దొంగయై తిరిగిన ఆ కుఱ్ఱవాడు తెలియకయే శివరాత్రి జాగరము చేసినందుకు శివభటులు వానిని తీసికొనిపోవుదురు. పండితులు ఈ కథను కవిత్వముకొఱకే చదువుచున్నారు; పరలోకాధికారముల సరిహద్దు తగవుగా చదివినచో మఱియొక రుచి కలదు. ఆ తగవు పూర్తిగా తీరునది కాలభైరవుని ఘట్టమున. శివుడు కాశీనగరాధిపత్యమును భైరవునకిచ్చును. అచట జరిగిన పాపపుణ్యములను వ్రాయుటకు చిత్రగుప్తునకు అధికారము లేదు. యముడు కాశిలో పరాయివాడు.

మఱి కాశిలో పాపము చేసి అచటనే చచ్చినవాని గతి యేమి? కాశిలో మరణించినవానికి మోక్షమని శివుని మాట. పాపమునకు ఫలము తప్పదని ధర్మశాస్త్రము మాట. రెండును నిలువవలెను. కాశీమాహాత్మ్య సాహిత్యము దీనికి భైరవయాతన యను సమాధానము కల్పించినది. అట్టివాడు యమునికడకు పోడు. రుద్రపిశాచమై భైరవుని శాసనమున యాతన అనుభవించి, పాపము దహింపగా, తారకోపదేశము పొంది ముక్తుడగును. కొందఱి మతమున ఆ యాతన యంతయు ప్రాణోత్క్రమణ క్షణమున ఇమిడి జరిగిపోవును. మోక్షము నిశ్చయము, దానికి ముందు గడువుగల బాధ, ఆ బాధ శుద్ధికొఱకే – శోధనలోకపు మొదటి మూడు లక్షణములు ఇచట కలవు. ఉపపత్తియు ఒకటే. కరుణ అనంతమని చెప్పిన మతమునకు, న్యాయము తప్పదని కూడ చెప్పవలసి వచ్చినపుడు నడుమ ఒక లోకము పుట్టును. రోమునందైనను, వారణాసియందైనను పుట్టుక కారణము ఇదియే యని మా నమ్మకము. నాలుగవ లక్షణము మాత్రము ఇచట కొఱవడినది; భైరవుని కొలువులో బంధువుల సిఫారసు చెల్లదు.

బంధువుల ప్రయత్నమునకు చోటు గలది ప్రేతావస్థ. మృతుడు పితృదేవతలలో చేరుటకు ముందు ఏడాదికాలము ప్రేతగా ప్రయాణించుననియు, దారిలో పదునాఱు పురములు కలవనియు, నెలనెలా పెట్టు మాసికములే వాని దారిబత్తెమనియు గరుడపురాణ ప్రేతఖండము చెప్పుచున్నది. సపిండీకరణముతో ఆ నడిమిస్థితి ముగియును. దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానము వంటి కావ్యములు యమపురిని ఎంత వర్ణించినను, సామాన్యగృహస్థుని హృదయమున నిలిచినది ఈ ఏడాది ప్రయాణమే. గోదావరీతీరమున ధర్మపురిలో యమధర్మరాజునకు గుడి కలదు. ధర్మపురికి పోయినవానికి యమపురి లేదని ఆ ప్రాంతపు నానుడి.

శాసనముల మాటయు కొంత చెప్పవలెను. భూదాన శాసనముల తుదిని శాపశ్లోకములుండుట పరిశోధకు లెఱిగినదే. ఇచ్చిన భూమి నపహరించినవాడు అఱువదివేలేండ్లు అమేధ్యమున పురుగై పుట్టునని ఆ శ్లోకములలో మిక్కిలి ప్రచారముగలది చెప్పును. అఱువదివేలేండ్లు – ఎంత దీర్ఘమైనను లెక్కకు వచ్చు కాలము. శాశ్వతమను మాట రాదు. ఆ శాసనములలోనే దాత తన తల్లిదండ్రులకు పుణ్యముగా, తన రాజునకు పుణ్యముగా ఇచ్చితినని వ్రాయించుటయు తఱచు. విపశ్చిత్తు నరకమున చేసిన పనిని కాకతీయ సామంతుడు దేవాలయ మంటపమున రాతిమీద చేయుచున్నాడు. మారన శ్రోతలకు పుణ్యదానము వింతగా తోచియుండదు. అది వారికి దస్తావేజుల భాష.

భక్తికవుల దారి వేఱు. ఎర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠస్కంధమున అజామిళుడు కొడుకును పిలిచిన పిలుపే హరినామమై యమభటులను మరలించును. పాల్కురికి సోమనాథుని శివభక్తులకు యముడు లెక్కలోనివాడే కాడు. ఇచట శోధనకు పనియే లేదు.

ఇప్పుడు పినపాకను గూర్చి చెప్పవలెను. గోదావరి కుడిగట్టున, మణుగూరునకును ఏటూరునాగారమునకును నడుమనున్న ఈ అరణ్యసీమ పూర్వపు ఖమ్మం జిల్లాలోనిది. 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనున్నది. మధ్యయుగ కవిత్వపు పరలోకమును పరిశీలించు వ్యాసమున ఈ సీమ ఏల రావలెనని పాఠకులడుగవచ్చును. ఓరుగల్లు కవులు ఏ లోకమును పద్యములలో నిర్మించిరో, ఆ లోకమునకు వెలుపల, అదే రాజ్యపు అంచున, మృతులను గూర్చి మఱియొక ఆలోచన బ్రదికియుండెను. అది పద్యమున కెక్కలేదు. దానిని ప్రక్కన పెట్టి చూడనిదే మన కవుల నిర్ణయములు నిర్ణయములుగా కనబడవు, సహజధర్మములుగా కనబడును.

పినపాక మండలములోని జానంపేటయొద్ద ఇనుపయుగపు బృహచ్ఛిలాసమాధులు వందలకొలది కలవు. నాలుగు దిక్కుల పలకలు నిలిపి, పైన పెద్ద బండ కప్పి, లోపల రాతితొట్టి యుంచిన కట్టడములవి. ఇట్టి సమాధులను తెలంగాణమున రాక్షసగుళ్లని పిలుచుట వాడుక. వానిని కట్టినవారి విశ్వాసములు మనకు దక్కలేదు, కాని మృతునికి ఇల్లు కట్టిరి అనునంతవఱకు రాళ్లే చెప్పుచున్నవి. ఇంటిని కట్టుట, దారిబత్తెమిచ్చుట – ఈ రెండు పనులు రెండు వేఱు తలంపులు.

ఈ సీమ కోయల విశ్వాసములను గూర్చి వ్రాతమూలకమైన తొలి విస్తృతవృత్తాంతము దుమ్ముగూడెమున పనిచేసిన మతబోధకుడు జాన్ కెయిన్ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో ప్రకటించినది. థర్‌స్టన్ 1909లో తన కులతెగల గ్రంథమున దానిని విస్తారముగా ఉద్ధరించెను. మృతుని అంత్యక్రియలో ఆవునో ఎద్దునో వధించి, దాని తోకను మృతుని చేతనుంచుదురని అందు కలదు. గోదానమిచ్చి, ఆవుతోక పట్టుకొని వైతరణిని దాటుట యను పురాణమర్యాద ఎఱిగినవారు వెంటనే దీనికి దానితో చుట్టఱికము కలుపుదురు. మేమట్లు తొందరపడము. ఒకచోట ఆవు బ్రాహ్మణుని యింటికి పోవును, ఒకచోట మృతునితో పోవును. తోక మాత్రము రెండింటను చేతనున్నది. ఏది ముందు, ఏది వెనుక యనుటకు ఆధారము లేనప్పుడు సామ్యమును సామ్యముగా ఉంచుటయే మేలు.

అదే వృత్తాంతమున మఱియొక ముచ్చట కలదు. స్వర్గమనగా బియ్యము నిండుగానున్న ఒక గొప్ప కోటయనియు, నరకమనగా ఇనుపకాకి చెడ్డవారి కండలను పొడిచి తినుచుండు చోటనియు ఒక కోయ చెప్పెనట. ఇది ఆ యొక్కని నమ్మకమే కావలెను, తాను నిత్యము కలియు కోయలలో ఇట్టిది వినలేదని కెయిన్ వెంటనే చేర్చెను. ఆ జాగ్రత్తకు ఆయనను మెచ్చుకొనవలెను. అనంతర రచయితలు ఇనుపకాకిని నిలుపుకొని ఆ జాగ్రత్తను జారవిడుచుట కలదు. ఆ సందర్భముననే ఆయన, ఇనుపకోడి యొకటి తెల్లవారుజామున తిరుగుచున్నదని, దానికి ఏ ఊరి కోడికూత మొదట వినబడునో ఆ ఊరికి తెగులు తెచ్చునని పుకారు పుట్టి, కనీసము ఒక ఊరిలో కోళ్లన్నిటిని చంపివేసిరని వ్రాసెను. ఇనుపకాకి భాగవతపు పట్టికనుండి అడవికి వచ్చినదా, అడవిలో పుట్టినదా? పురాణనరకములలో వజ్రతుండములుగల పక్షులు కలవు; ఆకలి యెఱిగిన కొండవానికి బియ్యపుకోట స్వర్గమగుటకు పురాణము అక్కఱలేదు.

కోయల సామాన్యవిశ్వాసమున మృతుడు దూరలోకమునకు శుద్ధికై పోవువాడు కాడు. పూర్వులలో చేరి గూడెమును కనిపెట్టియుండువాడు. శబరీప్రాంతమున మృతులకు రాళ్లు నిలుపు ఆచారము కలదు. శుద్ధి యన్న భావము ఇచట లేదని కాదు. అది బ్రదికియున్నవారిది, మైల తీర్చుకొనుటలోనిది. మృతుని పాపపుణ్యముల జమాఖర్చు పుస్తకము లేదు, చిత్రగుప్తుడు లేడు. కాబట్టి శోధనలోకము అక్కఱలేదు.

దీనికి మించిన దృష్టాంతము మేడారమున కలదు. పినపాకకు వాయవ్యమున, గోదావరికి ఈవలి అడవిలోనే యున్న ఈ క్షేత్రపు ఐతిహ్యము, కప్పము విషయమై ప్రతాపరుద్రుని సేనలతో కోయలు పోరాడిరని చెప్పును. పగిడిద్దరాజు, సారలమ్మ పడిపోయిరి. జంపన్న పడిన సంపెంగవాగు ఎఱ్ఱబాఱి జంపన్నవాగైనది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట ఎక్కి మాయమై కుంకుమభరిణయైనది. ఇది ఐతిహ్యము, శాసనచరిత్ర కాదు. అయినను ఐతిహ్యము ఎన్నుకొన్న రాజు ఏ రాజో చూడుడు. మారన పురాణమును విన్న సేనాని ఏలికయే. ఆ సేన చేతిలో హతులైనవారు యమపురికి పోలేదు, స్వర్గమునకును పోలేదు. రెండేండ్లకొకసారి మాఘమాసమున గద్దెకు వచ్చి మరలిపోవుచున్నారు. జాతరకు వచ్చువారు జంపన్నవాగున మునిగిన పిదపనే గద్దెలకడకు పోవుదురు. ధర్మరాజు మునిగిన ఏఱు మృతుని వైరమును కడిగినది. ఈ వాగు అట్టి పని చేయుట లేదు. వైరము జ్ఞాపకముగ నిలిచియున్నది, దానికి పూజ జరుగుచున్నది.

నేటి కాలమున ఈ విచారణకు ప్రయోజనమేమి యను ప్రశ్న వచ్చును. యముడు మన చలనచిత్రములలో హాస్యపాత్రమై చాలకాలమైనది. 1960లో ‘దేవాంతకుడు’, 1977లో ‘యమగోల’ వచ్చినవి. ఆ మార్గము నేటికిని ఎండలేదు. నవ్వుటకు వీలగునంత పరిచయము మనకు చిత్రగుప్తునితో కలదన్నమాట. వేఱొక వంక, నవంబరు 2వ తేదీన తెలుగు కథోలికులు సమాధులకు పూలు పెట్టి, దీపములు వెలిగించి, ఉత్తరించు స్థలమునందలి ఆత్మలకొఱకు ప్రార్థించుచున్నారు. మహాలయపక్షమున తర్పణము విడుచువారి పని ఇంతకంటె భిన్నమైనది కాదు. ప్రయోజనమును ఈ సామ్యముననే చూచి తృప్తిపడువారు కలరు. మాకు వేఱొకటి తోచుచున్నది.

విపశ్చిత్తుతో దేవతలన్న మాట నేడును వినబడుచునేయున్నది. వారి కర్మము వారిది, నీకేమి? నిరుపేదను చూచియు, చెఱసాలలోని ఖైదీని చూచియు ఈ మాట అనుట సులువు. కర్మసిద్ధాంతము నిర్దయకు దారితీయునని మన సంస్కృతిని విమర్శించిన పాశ్చాత్యులును, స్వదేశీయులును కలరు. వారికి ప్రత్యుత్తరమిచ్చువారు వేదాంతగ్రంథములను త్రవ్వుటకంటె మారనను చూపుట మేలు. ఆ సిద్ధాంతపు నడిబొడ్డున నిలిచి, దానిని కాదనకయే, కదలనని చెప్పిన రాజు ఒకడు పదునాలుగవ శతాబ్దపు తెలుగు పద్యములలో నున్నాడు. మన పాఠ్యగ్రంథములలో హరిశ్చంద్రునకున్న చోటు ఈయనకు లేకపోవుట మాకు వింతగానున్నది.

అడవి పక్షమున ప్రశ్న మఱింత గట్టిది. పోలవరము ప్రాజెక్టు కారణముగా 2014లో పూర్వపు ఖమ్మం జిల్లాలోని ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరినవి. పినపాకకు దిగువన, శబరీ గోదావరుల సంగమమగు కూనవరము, దాని పొరుగున వరరామచంద్రాపురము అందులోనివి. ముంపు గ్రామముల కోయలు, కొండరెడ్లు పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చినది. భూమికి, ఇంటికి, చెట్టుకు పరిహారపు లెక్క కలదు. ఏడాది దాటగనే మృతుని పితృలోకమునకు పంపివైచు మనబోటివారు ఊరు మాఱినను తద్దినమును ఎచటనైనను పెట్టుకొనవచ్చును; నీరున్నచోటెల్ల గంగయని సంకల్పము చెప్పుకొనవచ్చును. మారన, శ్రీనాథుల మృతులు ప్రయాణికులు గనుక వారికి స్థానభ్రంశము లేదు. రాతికడ నిలిచి గూడెమును కనిపెట్టు పూర్వుని ఏ కాలనీకి తీసికొనిపోవలెను? శాస్త్రజ్ఞుడగు పురోహితుని అడిగినను, పునరావాసాధికారిని అడిగినను, ఈ ప్రశ్నకు వారియొద్ద పట్టిక లేదు. పెద్దలు బ్రదికియున్నవారు కొందఱు గూడెములలోను, కాలనీలలోను ఉన్నారు. రాయిని తరలించుటకు ఏ తంతు చేసిరో, అసలు చేసిరో లేదో, వారే చెప్పవలెను. మన శాఖలోని పరిశోధకులు వారికడకు పోవునపుడు నరకమునకు కోయభాషలో మాట యేమని అడుగుటతో మొదలుపెట్టరాదు. రాయి ఎవరిది, దానిని ఎవరు నిలిపిరి, ఇప్పుడు అది నీటికి ఎంత దూరముననున్నది అని అడుగవలెను.